వేరు బుడిపె లోపల ఏం జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను. మాది అనంతపురం వైపు, ఇంట్లో తరతరాలుగా వేరుశనగ సేద్యం. అందుకే పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల గురించి, వాటిలో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా గురించి నాకు రెండు వైపుల నుంచీ ప్రశ్నలు వస్తుంటాయి. క్లాసులో పిల్లలు అడిగేవి కొన్ని, ఊరికి పోయినప్పుడు చేను గట్టు మీద అడిగేవి కొన్ని. అన్నీ ఒకచోట పెట్టి, తెలిసినంత వరకు విడమర్చి రాశాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. మూలకేశం (వేరు మీది సన్నటి నూగు) కొక్కెంలా వంగడం, దాని గుండా బాక్టీరియా లోపలికి దిగడం, ఇలా పుస్తకాల్లో కనిపించే బొమ్మ బఠానీ, అల్ఫాల్ఫా (లూసర్న్ గడ్డి) లాంటి మొక్కల్ని చూసి గీసింది. మన వేరుశనగ ఆ బొమ్మకు ఒదగదు. తేడా ఎక్కడ వస్తుందో అక్కడ చెప్తాను.

గాలిలో 78 శాతం నత్రజనే కదా, మొక్కకు కొరత ఎందుకొస్తుంది?

గాలిలో ఉన్న నత్రజని మొక్క వాడుకోగలిగే రూపంలో లేదు. రెండు నత్రజని పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకుపోయి ఒక అణువుగా ఉంటాయి. ఆ ముడి విప్పే ఎంజైమ్ ఏ మొక్కకూ లేదు, ఏ జంతువుకూ లేదు. కొన్ని రకాల బాక్టీరియాకు, వాటి దూరపు చుట్టాలైన కొన్ని ఆర్కియాకు మాత్రమే ఉంది.

ఎరువుల ఫ్యాక్టరీలో ఇదే పని చేయాలంటే ఇనుప ఉత్ప్రేరకం కావాలి, 400 నుంచి 500 డిగ్రీల వేడి కావాలి, గాలి పీడనానికి నూటయాభై రెట్లకు పైగా ఒత్తిడి కావాలి. 1913లో జర్మనీలోని ఒప్పావులో మొదటి ఫ్యాక్టరీ అలాగే మొదలైంది. కంది వేరు మాత్రం మామూలు నేల వేడిలో, చప్పుడు లేకుండా ఆ పని చేయించుకుంటుంది. పప్పుజాతి మొక్కలు బుడిపెల సాయంతో గాలి నుంచి నత్రజని తీసుకుంటాయని 1886లో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు చూపించారు. రెండేళ్లకు, 1888లో, నెదర్లాండ్స్‌లో బైయెరింక్ ఆ బుడిపెల్లోంచి బాక్టీరియాను బయటికి తీసి విడిగా పెంచాడు.

వేరు మీద ఈ గింజల్లాంటివి ఏంటి? తెగులా?

మా పెదనాన్న ఒకసారి పీకిన చెట్టు పట్టుకొచ్చి "వేరుకు పుండ్లు లేసినాయి, ఏం మందు కొట్టాల్రా?" అని అడిగాడు. మందు అక్కర్లేదు పెదనాన్నా, అవే చెట్టుకు అన్నం పెట్టేవి అని చెప్పాల్సి వచ్చింది.

ఈ అనుమానం ఊరికే రాలేదు. వేరుబుడిపె నులిపురుగు అనే తెగులు నిజంగానే ఉంది, పేరులోనే బుడిపె ఉంది. తేడా గోటితోనే తేల్చుకోవచ్చు. నులిపురుగు పడితే వేరే ఉబ్బిపోతుంది, ఆ ఉబ్బును తీయబోతే వేరుతో పాటే తెగుతుంది. మన బాక్టీరియా, అంటే రైజోబియం, ఉండే బుడిపె వేరుకు పక్కన అతికించినట్టు ఉంటుంది. గోటితో తోస్తే ఊడి చేతిలోకి వస్తుంది.

బుడిపె కోస్తే లోపల ఎర్రగా ఉంది. రక్తమా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. ముందు మీరే కోసి చూడండి.

విత్తిన 40, 45 రోజులకు, నేల పదునుగా ఉన్నప్పుడు పారతో మట్టిగడ్డతో సహా చెట్టును లేపండి. చేత్తో లాగొద్దు, లాగితే సగం బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. ఆ గడ్డను బకెట్ నీళ్లలో ముంచి, మట్టి దానంతట అదే కరిగిపోయే దాకా ఆగండి. వేరుశనగలో అయితే పక్కవేరు పుట్టే మూలల్లో ఆవగింజంత, ఇంకాస్త పెద్దగా గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి. ఒకటి తీసి బ్లేడుతో అడ్డంగా కోయండి. లోపల పచ్చి మాంసం రంగు. వేలితో నొక్కితే ఆ ఎరుపు వేలికి అంటుతుంది. కాసేపు గాలిలో వదిలేస్తే గోధుమరంగుకు తిరుగుతుంది.

అది రక్తం కాదు గానీ, రక్తానికి చాలా దగ్గరి చుట్టం. పేరు లెగ్‌హీమోగ్లోబిన్. మన రక్తంలో ఉన్నట్టే ఇందులోనూ ఇనుము పట్టుకున్న హీమ్ ఉంటుంది. 1939లో జపాన్ శాస్త్రవేత్త కుబో దీన్ని గుర్తించాడు. ఈ ప్రోటీన్ తయారుచేసే జన్యువు బాక్టీరియాది కాదు, మొక్కది.

మొక్కకు దీని అవసరం ఏమిటంటే, నత్రజనిని విడగొట్టే ఎంజైమ్‌కు ఆక్సిజన్ పడదు. గాలి తగిలితే అందులోని ఒక ప్రోటీన్ నిమిషం తిరిగేలోపే సగం చెడిపోతుంది. అలాగని ఆక్సిజన్ పూర్తిగా ఆపేద్దామంటే, బాక్టీరియాకు ఊపిరి ఆడాలి. ఊపిరి ఆడకపోతే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) లేదు, ఏటీపీ లేకపోతే ఎంజైమ్ పని చేయదు. ఒకే గదిలో ఆక్సిజన్ ఉండకూడదు, ఉండాలి కూడా. మొక్క ఈ చిక్కును ఇలా విప్పుకుంది: బుడిపె పైపొరల్ని గాలి తేలిగ్గా దూరకుండా కట్టింది, లోపల లెగ్‌హీమోగ్లోబిన్ నింపింది. వచ్చిన ప్రతి ఆక్సిజన్ అణువునూ అది పట్టుకుని బాక్టీరియా చేతికి అందిస్తుంది, స్వేచ్ఛగా తిరగనివ్వదు. అందుకే లోపల విడిగా ఉండే ఆక్సిజన్ నానోమోలార్లలోనే, అంటే దాదాపు లేనట్టే అనేంత తక్కువగా ఉంటుంది. అంత తక్కువలోనూ ఊపిరి పీల్చుకోగల ప్రత్యేకమైన ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ బాక్టీరియా దగ్గర ఉంది.

2005లో లోటస్ (తామర కాదు) అనే చిన్న పప్పుజాతి మొక్కలో లెగ్‌హీమోగ్లోబిన్ తయారవకుండా జన్యువుల నోరు నొక్కేసి చూశారు. బుడిపెలు వచ్చాయి, బాక్టీరియా లోపలికి వచ్చింది, కానీ ఆక్సిజన్ పెరిగిపోయింది. నత్రజని పని ఆగిపోయి మొక్కలు పాలిపోయాయి. కాబట్టి బుడిపెల్ని లెక్కపెట్టడం కంటే కోసి రంగు చూడడం మేలు. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలు కాలేదు, లేదా లోపలున్నది పని చేయని రకం. ఆకుపచ్చకు తిరిగితే ముసలిదైపోయింది. ఎరుపే కావాల్సింది.

అసలు నత్రజనిని విడగొట్టేది ఏది?

నైట్రోజినేజ్ అనే ఎంజైమ్. ఇది రెండు ప్రోటీన్ల జోడీ. చిన్నది ఎలక్ట్రాన్లు మోసుకొస్తుంది, ఒక్కో ఎలక్ట్రాన్‌కు రెండు ఏటీపీలు ఖర్చు పెడుతుంది. పెద్దది వాటిని తీసుకుని నత్రజని మీద ప్రయోగిస్తుంది. ఒక్క నత్రజని అణువును రెండు అమ్మోనియాలుగా మార్చడానికి 8 ఎలక్ట్రాన్లు, కనీసం 16 ఏటీపీలు కావాలి. దాంతో పాటు ఒక హైడ్రోజన్ అణువు కూడా బయటికి పోతుంది. ఎంజైముల్లో ఇది నిదానమైనది, ఒక్క అణువుకు సెకను పైనే పడుతుంది. అందుకే బాక్టీరియా దీన్ని కుప్పలు తెప్పలుగా తయారుచేసుకుంటుంది.

పెద్ద ప్రోటీన్ మధ్యలో ఒక లోహపు గుత్తి ఉంటుంది: 7 ఇనుము పరమాణువులు, 9 గంధకం, 1 మాలిబ్డినం, సరిగ్గా నడిమధ్యలో 1 కార్బన్. ఆ నడిమి పరమాణువు ఏంటో తేలడానికి 2011 దాకా పట్టింది. ఈ గుత్తికి ఒక పక్కన హోమోసిట్రేట్ అనే చిన్న అణువు అతుక్కుని ఉంటుంది. ఇక్కడే నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యం వేసే సంగతి ఉంది. చాలా రైజోబియాలకు ఆ హోమోసిట్రేట్ తయారుచేసే జన్యువు లేదు. బుడిపె లోపల మొక్కే తయారుచేసి ఇస్తుంది. లోటస్‌లో ఆ మొక్క జన్యువును 2009లో కనుక్కున్నారు. అది చెడిపోతే బుడిపె వస్తుంది, నత్రజని రాదు. అంటే ఎంజైమ్ బాక్టీరియాదే అయినా, అందులో పడాల్సిన ఒక ముక్క మొక్క చేతిలో ఉంది.

మాలిబ్డినం కొంచెం లేకపోతే ఎందుకంత నష్టమో కూడా దీన్ని బట్టి అర్థమవుతుంది. ఆమ్ల గుణం ఉన్న నేలల్లో మాలిబ్డినం వేరుకు అందదు. అలాంటి చోట బుడిపెలు ఉన్నా పైరు పసుపు పచ్చగానే ఉంటుంది.

కోట్ల బాక్టీరియా ఉన్న మట్టిలో మొక్క తనకు కావాల్సిన దాన్ని ఎలా గుర్తుపడుతుంది?

ముందు మొక్కే పలకరిస్తుంది. నత్రజని తక్కువైనప్పుడు వేరు నుంచి ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు మట్టిలోకి ఊరతాయి. అల్ఫాల్ఫాలో అది ల్యుటియోలిన్ అని 1986లో తేలింది. ఒక్కో మొక్కది ఒక్కో మిశ్రమం. బాక్టీరియాలో నాడ్‌డి అనే ప్రోటీన్ ఆ పలకరింపును వింటుంది. తన మొక్క వదిలినదే అయితే వెంటనే మిగతా నాడ్ జన్యువుల్ని (బుడిపె కట్టించే సంకేతాన్ని తయారుచేసేవి) మేల్కొలుపుతుంది. అవి కలిసి నాడ్ ఫ్యాక్టర్ అనే జవాబును తయారుచేస్తాయి.

1990లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఈ నాడ్ ఫ్యాక్టర్ నిర్మాణం విప్పి చూపించారు. నాలుగైదు చక్కెర తునకల గొలుసు, ఒక చివర కొవ్వు ఆమ్లపు తోక. ఆ గొలుసు అచ్చం కైటిన్ ముక్కలా ఉంటుంది. కైటిన్ అంటే బూజు తెగుళ్ల శిలీంధ్రాల పైపొరలో ఉండేది, మొక్క చూడగానే పోట్లాటకు దిగేది. అంటే శత్రువు వేసుకునే చొక్కా లాంటిదే వేసుకుని మిత్రుడు గుమ్మం ముందు నిలబడ్డాడు. తేడా అంతా తోకలో, గొలుసు చివర తగిలించిన చిన్న చిన్న గుర్తుల్లో ఉంది.

ఆ తేడాను చదివేవి వేరు కణం పైపొరలో ఉండే రెండు గ్రాహక ప్రోటీన్లు. లోటస్‌లో వాటికి ఎన్ఎఫ్ఆర్1, ఎన్ఎఫ్ఆర్5 అని పేర్లు. 2003లో ఈ జన్యువులు దొరికాయి. ఎన్ఎఫ్ఆర్1, కైటిన్‌ను గుర్తుపట్టే గ్రాహకం అన్నదమ్ముల్లాంటివి. ఒకటి చూసి తలుపు తీస్తుంది, ఇంకొకటి చూసి కర్ర తీస్తుంది. వేరుకు ఈ సంకేతం ఎంత కొంచెమైనా చాలు, లీటరుకు మోల్‌లో వంద కోట్ల వంతు కంటే తక్కువ ఉన్నా మూలకేశం వంకర తిరుగుతుంది.

సంకేతం అందాక వేరు కణంలో ఏమవుతుంది?

కణ కేంద్రకం చుట్టూ కాల్షియం లేచి పడుతుంది, లేచి పడుతుంది. నిమిషం రెండు నిమిషాలకొకసారి, గంటల తరబడి. 1996లో అల్ఫాల్ఫా మూలకేశాల్లో దీన్ని మొదటిసారి చూశారు. ఆ లయను లెక్కపెట్టే ప్రోటీన్ పేరు సీసీఏఎంకే. కాల్షియంతో పనిచేసే కైనేజ్ (వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) అది. దాని నుంచి సైక్లాప్స్ అనే ఇంకో ప్రోటీన్‌కు, అక్కడి నుంచి ఎన్ఎస్‌పీ1, ఎన్ఎస్‌పీ2, నిన్ అనే జన్యు నియంత్రకాలకు కబురు చేరుతుంది.

వీటిలో నిన్ పెద్ద దిక్కు. పప్పుజాతి మొక్కల్లో సహజీవనానికి సంబంధించి మొట్టమొదట చేతికి చిక్కిన జన్యువు ఇదే, 1999లో లోటస్ నుంచి. నిన్ లేకపోతే బాక్టీరియా లోపలికీ రాదు, బుడిపే కట్టదు. 2019లో తెలిసింది ఇంకా బాగుంటుంది. పక్కవేరు పుట్టించడానికి మొక్క దగ్గర ముందు నుంచే ఉన్న జన్యువుల్నే నిన్ పిలిచి, బుడిపె కట్టడానికి వాడుకుంటోంది. కొత్త ఇల్లు కట్టాల్సి వచ్చి పాత మేస్త్రీలనే పనికి పెట్టుకున్నట్టు.

ఇంకో ప్రయోగం గురించి చెప్పకుండా ఉండలేను. సీసీఏఎంకేను ఎప్పుడూ పని చేస్తూనే ఉండేలా మార్చిన మొక్కలకు, ఒక్క బాక్టీరియా లేకుండానే ఖాళీ బుడిపెలు వస్తాయి. బుడిపె అనేది బాక్టీరియా చేసిన గాయం కాదు, మొక్క తన ప్లాను ప్రకారం కట్టే అవయవం అని చెప్పడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఈ జన్యువులన్నీ పప్పుజాతికే ఉంటాయా? వరికి లేవా?

సగం ఉన్నాయి! కాల్షియం లయ, సీసీఏఎంకే, సైక్లాప్స్ వరిలోనూ ఉన్నాయి, పని చేస్తున్నాయి. వాటి పని వేరు. మట్టిలో మైకోరైజా అనే శిలీంధ్రం వేళ్లలోకి దిగి భాస్వరం అందిస్తుంది. ఆ స్నేహం నలభై కోట్ల ఏళ్ల నాటిది, నేల మీద మొక్కలు మొదలైన నాటిది. రైజోబియంతో స్నేహం దాని తర్వాత చాలా కాలానికి వచ్చింది. వచ్చి, ఆ పాత దారినే వాడుకుంది. వరికి కబురు మోసే తీగ ఉంది, రైజోబియం కబురు విని బుడిపె కట్టే ఏర్పాటు లేదు.

వేరుశనగ పుస్తకంలోని బొమ్మకు ఒదగదని అన్నారు. ఏంటి తేడా?

పుస్తకంలో బాక్టీరియా మూలకేశం కొసన చేరుతుంది, మూలకేశం దాన్ని చుట్టేస్తుంది, లోపలికి ఒక సన్నటి గొట్టం పెరుగుతుంది. బాక్టీరియా ఆ గొట్టంలో వరుసగా దిగుతుంది. వేరుశనగలో ఆ గొట్టమే లేదు. పక్కవేరు తల్లివేరును చీల్చుకుని బయటికొచ్చే చోట సందు ఏర్పడుతుంది చూడండి, బాక్టీరియా ఆ సందులోంచి కణాల మధ్యగా దూరుతుంది. అందుకే బుడిపెలు ఎప్పుడూ పక్కవేళ్ల మూలల్లోనే కనిపిస్తాయి, ఇందాక బకెట్లో చూశారుగా.

అలాగైతే ఎవరైనా దూరొచ్చు కదా అనిపిస్తుంది. వేరుశనగ మీద పనిచేసే ఒక బ్రాడీరైజోబియంలో (రైజోబియం తరహా బాక్టీరియా) నాడ్ ఫ్యాక్టర్ తయారవకుండా చేసి చూసినప్పుడు, అది కణాల మధ్యకు దూరింది గానీ బుడిపె మొదలవలేదు. తలుపు దగ్గర కాపలా లేకపోయినా, ఇల్లు కట్టించుకోవాలంటే పత్రం చూపించాల్సిందే.

వేరుశనగలో రెండు పూర్వీకుల జన్యుసంపదలు కలిసి ఉన్నాయి, అందువల్ల చాలా జన్యువులకు రెండేసి ప్రతులు ఉంటాయి. బుడిపెలు రాని వేరుశనగ రకాల్ని 1970ల చివర్లో అమెరికాలో గుర్తించారు. తర్వాత మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలోనూ అలాంటివి దొరికాయి. బుడిపె లేని చెట్టు శాస్త్రవేత్తకు బంగారం. పక్కనే బుడిపెలున్న చెట్టును పెట్టి తూస్తే, గాలి నుంచి వచ్చిన నత్రజని ఎంతో తేలుతుంది. ఈ లోపానికి కారణమైన జన్యువు ఎన్ఎస్‌పీ2 తరహాదని ఈమధ్యే తెలిసింది. రెండు ప్రతులూ చెడితేనే బుడిపెలు ఆగిపోతాయి.

బాక్టీరియా లోపలికొచ్చే దారి వేరైనా, పని నడిపించే జన్యువులు మాత్రం అవే. లోటస్‌లో నేర్చుకున్న జన్యువుల పేర్లు వేరుశనగలోనూ పనికొస్తున్నాయంటే అందుకే. అయినా మన పంటల్ని మన నేలల్లోనే విడిగా చదవాల్సిన పని చాలా మిగిలి ఉంది. ఈ మాట నా దగ్గర చదివే ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను.

ఒకే రైజోబియం కల్చర్ అన్ని పంటలకూ వాడొచ్చా?

కుదరదు. (కల్చర్ అంటే విత్తనానికి పట్టించడానికి పెంచి ప్యాకెట్లో ఇచ్చే బాక్టీరియా.) శనగ చాలా పట్టింపు గల మొక్క, మీసోరైజోబియం అనే తరహా బాక్టీరియాలో కొన్ని రకాల్నే రానిస్తుంది. సోయా కూడా తనదంటూ ఒక బ్రాడీరైజోబియాన్ని కోరుకుంటుంది. వేరుశనగ, పెసర, మినుము, అలసంద అంత పట్టింపు లేనివి, బ్రాడీరైజోబియాల్లో చాలావాటితో సర్దుకుపోతాయి. ప్యాకెట్ మీద పంట పేరు రాసి ఉంటుంది, అది చూసి కొనండి.

బుడిపె లోపల బాక్టీరియా ఎలా ఉంటుంది? మామూలుగానే తిరుగుతుందా?

లేదు. మొక్క దాన్ని తన పొరతో చుట్టి కణంలో ఉంచుకుంటుంది. ఆ పొర దాటే రాకపోకలన్నీ మొక్క చెప్పినట్టే. ఈ దశలో దాన్ని బాక్టీరాయిడ్ అంటారు. విభజన ఆగిపోతుంది, పనంతా నత్రజని మీదే.

అల్ఫాల్ఫా చుట్టమైన మెడికాగోలో మొక్క ఇంకా ముందుకు పోతుంది. ఎన్‌సీఆర్ అనే చిన్న చిన్న పెప్టైడ్లు, దగ్గర దగ్గర 700 రకాలు, బాక్టీరియా మీదికి వదులుతుంది. ఆ దెబ్బకు బాక్టీరియా పొడవుగా ఉబ్బి, లోపల డీఎన్ఏ ప్రతులు పెంచుకుని, మళ్లీ పిల్లల్ని పెట్టే శక్తి పోగొట్టుకుంటుంది. ఇక అది మొక్క కోసమే బతుకుతుంది. బఠానీ, శనగ కూడా ఈ కోవలోవే. వేరుశనగలోనూ బాక్టీరాయిడ్లు ఉబ్బి గుండ్రంగా మారతాయి. సోయా, అలసంద ఇంత కఠినంగా ఉండవు, బయటికొస్తే వాటి బాక్టీరియా మళ్లీ పెరుగుతుంది.

ఎక్కువ బుడిపెలు వస్తే ఎక్కువ మంచిదేగా?

కాదు. ఒక గ్రాము నత్రజని కోసం మొక్క సుమారు 6 గ్రాముల కార్బన్ ఖర్చు పెట్టాలి. ఆకులు వండిన చక్కెర వేళ్లకు దిగి, మాలేట్‌గా మారి బాక్టీరియాకు చేరుతుంది. కాబట్టి మొక్క లెక్కగా ఉంటుంది.

ఆ లెక్క వేరు ఒక్కటే తేల్చుకోదు. మొదటి బుడిపెలు మొదలవగానే వేరు సీఎల్ఈ అనే చిన్న పెప్టైడ్లను పైకి పంపుతుంది. ఆకుల్లో ఒక గ్రాహక కైనేజ్ వాటిని అందుకుంటుంది, సోయాలో దాని పేరు నార్క్, లోటస్‌లో హార్1. "ఇక చాలు" అని కిందికి కబురు వస్తుంది. కొత్త బుడిపెలు ఆగుతాయి. ఆ గ్రాహకం చెడిన మొక్కలకు వేరంతా బుడిపెలే బుడిపెలు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, మొక్క మాత్రం గిడసబారిపోతుంది.

యూరియా వేస్తే బుడిపెలు తగ్గుతాయంటారు, నిజమేనా?

నిజమే. యూరియా మట్టిలో నైట్రేట్‌గా మారుతుంది. ఊరికే దొరుకుతుంటే మొక్క బుడిపెల మీద ఖర్చు పెట్టదు. నిన్‌కు దగ్గరి చుట్టాలైన ఎన్‌ఎల్‌పీ అనే ప్రోటీన్లు నైట్రేట్ చూడగానే కేంద్రకంలోకి వెళ్లి నిన్ పనికి అడ్డుపడతాయి. ఉన్న బుడిపెల్ని కూడా ముసలివి చేస్తాయి. 2024లో ఇంకో దారి తెలిసింది. ఫన్ అనే నియంత్రక ప్రోటీన్ బుడిపె కణంలోని జింకును బట్టి నడుచుకుంటుంది. జింకు ఎక్కువగా ఉంటే అది పోగుల్లా పేరుకుని ఊరకుంటుంది. నైట్రేట్ వచ్చి జింకు తగ్గితే విడివడి, బుడిపెను మూసేసే జన్యువుల్ని లేపుతుంది.

విత్తేటప్పుడు కొద్దిగా నత్రజని వేయమనడంలో తప్పు లేదు, బుడిపెలు పని మొదలుపెట్టే దాకా మొక్కకు ఆసరా కావాలి. పైరు పచ్చగా కనపడాలని తర్వాత గుప్పిళ్లతో చల్లడమే నష్టం. వేరు కింద ఉచితంగా నడుస్తున్న ఫ్యాక్టరీని మనమే డబ్బు పెట్టి మూయిస్తున్నాం.

తిని కూర్చుని పని చేయని బాక్టీరియా ఉండదా?

ఉంటుంది. 2003లో సోయా బుడిపెల చుట్టూ నత్రజని తీసేసి బదులుగా ఆర్గాన్ నింపారు. లోపల బాక్టీరియా పని చేయాలన్నా ముడిసరుకు లేదు. ఆ బుడిపెల్లో బాక్టీరియా సంతానం దాదాపు సగానికి పడిపోయింది. ఇవ్వని వాళ్లకు మొక్క ఆక్సిజన్ బిగించేస్తుంది.

తయారైన అమ్మోనియా ఆకు దాకా ఎలా పోతుంది?

అమ్మోనియాగా పోదు, అది కణానికి విషం. బుడిపెలోనే గ్లుటమిన్‌గా మారుతుంది. శనగ, బఠానీ ఆస్పరజిన్ లాంటి అమైడ్లు అనే నత్రజని పదార్థాలుగా పైకి పంపుతాయి. కంది, పెసర, అలసంద, సోయా యూరైడ్లు అనే ఇంకో తరహా నత్రజని పదార్థాలుగా పంపుతాయి.

పప్పుజాతి కాని వాటికి బుడిపెలే రావా?

మన కోస్తా పొడవునా ఇసుకలో నిలబడే సరుగుడు తోపుల్ని చూడండి. సరుగుడు వేళ్లకూ బుడిపెలు ఉంటాయి, లోపల ఉండేది రైజోబియం కాదు, ఫ్రాంకియా అనే వేరే బాక్టీరియా. పప్పుజాతిలో లేని ఇంకో మొక్క పారాస్పోనియా మాత్రం రైజోబియాన్నే పెట్టుకుంటుంది. ఇలాంటి మొక్కలన్నీ నాలుగు దగ్గరి వృక్షక్రమాల్లోనే ఉన్నాయి. 2018లో వాటి జన్యుపటాల్ని పోల్చి చూస్తే, బుడిపెలు లేని చుట్టాల్లో చాలావాటికి నిన్ జన్యువు ఊడిపోయిన ఆనవాళ్లు దొరికాయి. అంటే చాలా మొక్కలకు ఈ విద్య ఒకప్పుడు ఉండేది, తర్వాత పోయింది.

మరి వరికి ఈ విద్య నేర్పలేరా?

ప్రయత్నం గట్టిగానే నడుస్తోంది. 1972లోనే డిక్సన్, పోస్ట్‌గేట్ నత్రజని జన్యువుల్ని ఒక బాక్టీరియా నుంచి ఈ. కోలై అనే మరో బాక్టీరియాకు మార్చి, దాని చేత పని చేయించారు. మొక్క కణానికి మార్చడం అంత తేలిక కాదు. ఆక్సిజన్‌ను తప్పించాలి, లోహపు గుత్తిని పేర్చే సరంజామా అంతా తేవాలి. ఇంకో దారి, ధాన్యపు మొక్కలకు ఉన్న మైకోరైజా తీగకే కొత్త గ్రాహకాలు తగిలించి బుడిపె కట్టించడం. 2024లో సముద్రపు నాచు ఒకదానిలో, నత్రజని పట్టే బాక్టీరియా పూర్తిగా కణాంగంగా (కణంలోనే ఒక భాగంగా) మారిపోయిన సంగతి బయటపడింది. దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. ప్రకృతి ఒకసారి చేసింది కాబట్టి కుదరని పని కాదు. అయినా బుడిపెలు వచ్చే వరి విత్తనం ఇప్పుడే దుకాణంలో దొరుకుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. వరికి ఇప్పుడు వాడే అజొల్లా, అజోస్పైరిల్లం వేరే తరహావి, వాటికి బుడిపెలు ఉండవు.

విత్తనానికి కల్చర్ పట్టించినా తేడా కనపడలేదు. ఎందుకు?

రెండు కారణాలు తరచూ చూస్తాను. ఒకటి, ప్యాకెట్లో ఉన్నది ప్రాణమున్న సరుకు అని మర్చిపోవడం. మా ఇంట్లోనే ఒక ఏడాది ప్యాకెట్లు తెచ్చి రేకుల షెడ్డులో పడేశాం. మే నెల ఎండకు ఆ రేకుల కింద చెయ్యి పెట్టలేం. ఆ ఏడాది కోసిన బుడిపెలు చాలావరకు తెల్లగానే ఉన్నాయి. చల్లటి చోట పెట్టాలి, గడువు తేదీ చూడాలి. బెల్లం నీళ్లు కాచి, పూర్తిగా చల్లారాక కల్చర్ కలిపి విత్తనానికి పట్టించాలి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి. శిలీంధ్రనాశకం, పురుగుమందు పట్టించేది ఉంటే ముందు అవి, చివరన కల్చర్.

రెండోది మన చేతిలో అంతగా లేనిది. అపరాలు, వేరుశనగ ఏళ్లుగా వేసిన నేలలో ఆ జాతి బాక్టీరియా ముందే కాపురముంటుంది. వాటికి ఆ మట్టి అలవాటు, ఎండకూ ఉప్పుకూ తట్టుకున్నాయి. కొత్తగా వచ్చినది వాటితో పోటీపడి వేరు దగ్గరికి చేరాలి. పాతవి అన్నీ బాగా పని చేసేవి కాకపోవచ్చు, మొక్క గుమ్మం దగ్గర చూసేది సంకేతాన్నే గానీ పనితనాన్ని కాదు.

న్యూజిలాండ్‌లో జరిగింది వినండి. లోటస్ బాక్టీరియా లేని నేలలో కల్చర్ వేసి ఆ మొక్కను పెంచారు. ఏడేళ్ల తర్వాత బుడిపెలు కోసి చూస్తే, లోపల ఉన్నవి చాలావరకు వాళ్లు వేసిన రకం కాదు. ఆ మట్టిలో ముందు నుంచీ ఉన్న, బుడిపె కట్టడం రాని బాక్టీరియాలు, వేసిన రకం నుంచి 5 లక్షల బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) పొడవున్న డీఎన్ఏ ముక్కను మొత్తంగా తీసుకుని ఈ విద్య నేర్చేసుకున్నాయి. నాడ్ జన్యువులు, నత్రజని జన్యువులు అన్నీ ఆ ఒక్క ముక్కలోనే ఉన్నాయి.

అందుకని కల్చర్ వేయడానికి ముందు ఏడాదే, పాత పైరులో నాలుగు చోట్ల చెట్లు లేపి బుడిపెలు కోసి చూసుకోండి. ఎర్రటివి నిండుగా ఉంటే ఆ నేలలో మంచి బాక్టీరియా ఉన్నట్టే, కల్చర్ వల్ల పెద్ద తేడా కనపడకపోవచ్చు. తెల్లవి ఎక్కువగా ఉన్నా, అసలు లేకపోయినా, లేదా ఆ పంట ఆ నేలకు కొత్తదైనా, అప్పుడు ప్యాకెట్‌కు పెట్టిన డబ్బు తిరిగొస్తుంది.